ఒకటో నంబరు రక్తం

పోయిన వారం మనం పెద్దాయన కోడల్ని కంప్యూటర్ తెర ముందు ఒంటరిగా నవ్వుకుంటుండగా వదిలేసి వచ్చాం. అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు. ఏళ్ళ తరబడి వల పన్ని కూర్చున్న మనిషికి, వల బరువెక్కినప్పుడు వచ్చే నవ్వు. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం వెనకటి కథ నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు వెళ్దాం.

ఆమెకు ఒక అన్న ఉండేవాడు. టైలరు. టేపు పట్టకుండా కంటితో కొలత చూసి చొక్కా కుట్టగలిగిన మనిషి, నలభై దాటగానే మారిపోయాడు. చావింటికి వెళ్ళి పగలబడి నవ్వాడు. పంచదార డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుప్పెళ్ళతో తిన్నాడు. ఒక పెళ్ళికూతురి బట్టలు ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ఎంత బాగా కుదిరాయో చూడమని అందరికీ చూపించాడు. జనం తాగుడన్నారు. తల్లి నమ్మలేదు. మెదడు జబ్బుల పరిశోధనలో పెద్దాయనంతటివాడు లేడని విని, కొడుకుని తీసుకెళ్ళి ఆయన ముందు కూర్చోబెట్టింది. రక్తపరీక్ష ఫలితాలు వచ్చాక పిలిపించిన రోజున, వీళ్ళ నాన్నా, తాతా కూడా ఇలాగే అయ్యారని చెప్పబోయింది. "కథలు వినడానికి కాదమ్మా నేనిక్కడ కూర్చుంది" అన్నాడాయన, విద్యార్థులందరి ముందూ. వంశానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. మెదడులో వాపు అని తేల్చి కొత్త మందొకటి మొదలుపెట్టాడు. జబ్బు కంటే ముందు ఆ మందే టైలరు ప్రాణం తీసింది. ఆ వాపు సంగతి మీద రాసిన వ్యాసం మాత్రం పెద్దాయనకు బోలెడు పేరు తెచ్చిపెట్టింది. తల్లి ఎన్నాళ్ళో బతకలేదు. పోయేముందు కూడా ఆవిడకు కొడుకు చావు కంటే ఆ "కథలు" అన్న మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

చెల్లెలు అన్నకంటే చాలా చిన్నది, అప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పెద్దాయన ఆమెను ఎన్నడూ చూడలేదు. అదే ఆమెకు కలిసొచ్చింది. మెదడు శాస్త్రం చదివింది. ఆయన సంస్థలోనే చేరింది. నా అన్నవాళ్ళెవరూ లేరని చెప్పి ఆయన కొడుకునే పెళ్ళి చేసుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ఇంటి దొంగ కావాలంటే ముందు ఆ ఇంటి మనిషి కావాలి. సంస్థలో ఆయన్ని సర్ అనీ, ఇంట్లో మామయ్యగారూ అనీ పిలుస్తూ, నోట్లో నాలుక లేని కోడలని పేరు తెచ్చుకుంది.

ఆ కొడుకు పళ్ళ డాక్టరు. మావాడు మెదడు దాకా ఎక్కలేక నోటి దగ్గరే ఆగిపోయాడని పెద్దాయన పదిమందిలో వేళాకోళం చేస్తే, అందరికంటే ముందు నవ్వేది అతనే. అలాంటి మనిషిని నిచ్చెనగా వాడుకోవడం తేలిక అనుకుంది ఆమె. వాడుకుంది. కానీ ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని పెద్దలు ఊరికే అనలేదు. నిచ్చెన మీద ప్రేమ పుట్టింది. ఎప్పుడు పుట్టిందో ఆమె చూసుకోలేదు. పగ మీద ధ్యాస పెట్టినవాళ్ళకు ఇలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి.

మెదడు విషయంలోనూ అంతే అయింది. శత్రువు చేతిలో ఆయుధం కదా అని పట్టుకుంది, ఇక వదలలేకపోయింది. మొదటిసారి ఒక మెదడును రెండు చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఒక మనిషి తిట్లూ లెక్కలూ పాటలూ పిల్లల పుట్టినరోజులూ అన్నీ కలిపి ఇంతేనా బరువు అని విస్తుపోయింది. తాతకూ తండ్రికీ కొడుక్కీ ఒకే వయసులో ఒకే రకం నవ్వు పుట్టించే మార్పు జన్యువుల్లో ఎక్కడ నక్కి ఉందో వెతుకుతూ కూర్చుంటే తిండి సంగతి గుర్తుండేది కాదు. అన్న కోసమే ఇదంతా అని తనకు తాను చెప్పుకునేది. అందులో సగమే నిజం. ముందుగా తన రక్తమే చూసుకుంది. ఏ దోషమూ లేదు. ఆ రోజు ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే అన్న గుర్తొచ్చి సిగ్గుపడింది.

చివరికి ఆ మార్పు దొరికింది. దొరికిన చోటే విచిత్రం. అది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. అన్న రక్తాన్ని పరీక్షించిన నాడే కనబడి, అపాయం లేనిదని పక్కన పడేసిన మార్పు.

ఎందుకు పడేశారంటే, ఈ సంస్థలో ఒక అలవాటుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా మొదటిరోజే ఒక గొట్టం రక్తం ఇవ్వాలి. రోగుల రక్తంతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. ఊరి మీద పడి వెతకడమెందుకు, మనమే ఉన్నాం కదా అని పెద్దాయన పెట్టిన పద్ధతి అది. ముందు రక్తం, తర్వాత జీతం అని కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. రోగిలో కనబడిన మార్పు ఈ ఆరోగ్యవంతుల్లో ఒక్కరికి ఉన్నా సరే, అది జబ్బుకు కారణం కాదని కొట్టేస్తారు. మరి ఆ ఆరోగ్యవంతులు నిజంగా ఆరోగ్యవంతులేనా అని అడిగినవాడు లేడు. కొలబద్దతో లోకాన్నంతా కొలుస్తారు గాని, కొలబద్దను కొలిచే నాథుడుండడు.

అన్నలో ఉన్న మార్పు ఆరోగ్యవంతుల్లో ఒకే ఒక్కరికి ఉంది. ఒకటో నంబరుకి. ఒకటో నంబరు ఎవరో ఆ సంస్థలో చీపురు పట్టే మనిషికి కూడా తెలుసు. కొత్తవాళ్ళ చేతికి సూది గుచ్చేటప్పుడు పెద్దాయన పక్కనే నిలబడి, భయపడకండి, ఇక్కడ మొదటి రక్తం నాదే అని గొప్పగా చెప్పుకుంటాడు.

అదీ ఆ నవ్వు వెనక ఉన్న సంగతి. మా అమ్మ మాట వినలేదు, మా అన్నను చంపావు, ఆ జబ్బే నీ నెత్తిలో కూర్చుని ఉంది అనుకుంది. ఆయనకు నలభై ఎప్పుడో దాటినా, కొందరికి ఇది ఆలస్యంగా వస్తుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. అప్పటినుంచి నెలల తరబడి ఆమె మామగారిని వేయి కళ్ళతో కనిపెట్టి చూసింది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటే లోలోపల పండగ చేసుకుంది. కాఫీలో రెండో చెంచా పంచదార వేసుకుంటే, డబ్బా ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఈ మనిషి కూడా ఒకనాడు చావింట్లో నవ్వుతాడు, అప్పుడు పక్కన నిలబడి చూస్తాను అనుకుంది. ఆ కోరిక ఆమెకు తప్పుగా కూడా తోచలేదు.

ఇక ఈ వారం సంగతి.

వారానికోసారి మధ్యాహ్నం ఆ సంస్థలో కోత ఉంటుంది. చనిపోయినవారి మెదడులో సగం పరీక్షల కోసం గడ్డకట్టించి ఉంచుతారు. మిగతా సగం ఫార్మలిన్‌లో నానబెట్టి, గట్టిపడ్డాక విద్యార్థుల ముందు కోసి చూపిస్తారు. తెల్లటి పలక, పొడవాటి కత్తి, పక్కన ఆగకుండా పారే కుళాయి. కళ్ళు మండించే ఆ వాసనను ఎంత పెద్ద ఫ్యానూ పూర్తిగా లాగెయ్యలేదు. కొయ్యకముందే జబ్బు పేరు చెప్పడం పెద్దాయన పంతం. వయసు మాత్రమే అడుగుతాడు, పేరు అడగడు. పైపైన చూసి చెప్పేస్తాడు, తర్వాత కోసి నిరూపిస్తాడు. ఎన్నడూ తప్పలేదు. విద్యార్థులకు అది గారడీ చూసినంత సంబరం.

ఈసారి ఏ జాడీ తెరవాలో ఎంచింది కోడలు. చాలా ఏళ్ళుగా అడుగు అరలో ఎవరూ ముట్టని జాడీ అది. తన చేతులతోనే బయటికి తీసి, నీళ్ళలో కడిగి, పలక మీద పెట్టింది. పొద్దున్నుంచీ భయపడింది గాని, తీరా సమయానికి నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది.

పెద్దాయన వయసు అడిగాడు. నలభైల్లో పోయినవాడని చెప్పింది. ఆయన ఆ సగం మెదడును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఆయన ముఖంలో గర్వం పోయి ఇంకేదో వచ్చింది. పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళ ముఖంలో కనిపించేది. ముందు భాగంలో మడతలు ఎలా పల్చబడ్డాయో, వెనక భాగం ఎలా చెక్కుచెదరకుండా ఉందో వేలితో తడిమి చూపించాడు. ఉతికి ఉతికి చీకిపోయిన బట్టలా అయింది ముందుభాగమంతా. ఇక్కడే మనిషి సిగ్గు ఉంటుంది, మర్యాద ఉంటుంది, ఎదుటివాడి ఏడుపు చూసి నవ్వకూడదన్న ఇంగితం ఉంటుంది, ఇవన్నీ పోయాక కూడా వీడికి లెక్కలు వచ్చే ఉంటాయి, దారులు గుర్తుండే ఉంటాయి అన్నాడు. ఇటు రా డాక్టర్, ఈ అంచు చూడు అని కోడల్ని పిలిచాడు. ఆమె వంగి చూసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ అంచు ఎంత వింతగా ఉందో చూసి తన ఒళ్ళు కూడా పులకరించింది. అది తన అన్న అని ఆ క్షణంలో మర్చిపోయింది. ఆ తర్వాత ఆయన మీద ఉన్న కోపానికి తన మీద కోపం కూడా తోడైంది.

ఆయన కత్తి తీసుకుని కోశాడు. చక్కటి కోత, ముక్కలన్నీ ఒకే మందం. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. వాసనకు అందరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి కాబట్టి ఆమె కళ్ళను ఎవరూ పట్టించుకోలేదు.

"ఈ వయసులో ఇంత అరిగిందంటే ముందు వంశం గురించి అడగాలి" అన్నాడు పెద్దాయన ముక్కల్ని పళ్ళెంలో వరసగా సర్దుతూ. "అడగని డాక్టరు డాక్టరే కాదు. రాసుకోండి."

విద్యార్థులు రాసుకున్నారు.

"సర్, మనం అడక్కపోయినా ఇంట్లోవాళ్ళే చెప్పబోతారు ఒక్కోసారి" అంది కోడలు. "చెప్పినా వినని డాక్టర్ని ఏమనాలి?"

"గాడిద అనాలి" అన్నాడాయన. అందరూ నవ్వారు.

నవ్వులు ఆగేదాకా ఆమె ఆగింది. ఆ తర్వాత, పాఠం అప్పజెప్పినంత నెమ్మదిగా, ఈ మెదడు ఒక టైలరుదని చెప్పింది. అతని తల్లి వంశం సంగతి చెప్పబోతే కథలు వద్దన్న డాక్టరు ఎవరో, వాపు అని తేల్చిందెవరో, మందు ఇచ్చిందెవరో చెప్పింది. మీరు రెండో ఏడాది చదువుకున్న గొప్ప వ్యాసం ఈ మనిషి మీద రాసిందే అని విద్యార్థుల వైపు తిరిగి చెప్పింది. నవ్విన కుర్రవాళ్ళంతా కుక్కిన పేనుల్లా అయిపోయారు. ఇప్పుడే రాసుకున్న వాక్యం వంక ఒకమ్మాయి చూస్తూ ఉండిపోయింది.

పెద్దాయన వాళ్ళను బయటికి వెళ్ళమన్నాడు. వెళ్ళిపోయారు.

"ఎవరు నువ్వు?" అని అడిగాడు. ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర రోజూ భోంచేసే మనిషిని అడిగిన ప్రశ్న అది. ఆమె అన్నేళ్ళూ ఈ ప్రశ్న కోసమే బతికింది.

"ఆ టైలరు చెల్లెల్ని."

ఆయన ఆమె ముఖంలోకి చూసి, తర్వాత పళ్ళెంలోకి చూశాడు. ఏదో పోలిక వెతుకుతున్నట్టు. ఆ చూపు ఆమెకు చాల్లేదు. అందరి ముందూ తలకొట్టేసినట్టు అవడం సగమే, రెండో సగం ఇంకా మిగిలి ఉంది. దాన్ని ఎన్నిసార్లు మనసులో అనుకుని చూసుకుందో లెక్కలేదు. అన్నలో ఉన్న మార్పేదో చెప్పింది. దాన్ని ఎందుకు కొట్టేశారో చెప్పింది. అది అపాయం లేనిది కాదని తాను ఎలా నిరూపించిందో చెప్పింది.

"అది ఒకటో నంబరుకీ ఉంది" అంది చివరికి. "రేపు మన సంస్థ వార్షికోత్సవంలో మాట్లాడమన్నారుగా నన్ను. తెర మీద వేస్తాను. ఒకటో నంబరు ఎవరో నేను చెప్పక్కర్లేదు."

చెప్పి ఆయన ముఖం కోసం ఎదురు చూసింది. చెమట పట్టాలి. కూలబడాలి. ఆయన మాత్రం ముందు కుళాయి కట్టేశాడు. చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వాడికి చెప్పావా?"

"ఎవరికి?"

"ఒకటో నంబరుకి."

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానందుకు ఆయన ఎగతాళి చేయలేదు. చేసినా బాగుండేదని తర్వాత అనుకుంది.

అసలు సంగతి ఆయనే చెప్పాడు. ల్యాబు కొత్తగా తెరిచిన రోజున అందరి ముందూ మొదటి రక్తం నాదే అని చాటుకున్నాడట. తీరా సూది చూసేసరికి కాళ్ళు తేలిపోయాయి. వందలకొద్దీ మెదళ్ళు కోసిన మనిషికి సూదంటే చచ్చేంత భయమని బయటికి చెప్పుకోవడం ఎలా? కాలేజీ నుంచి వచ్చి పక్క గదిలో కూర్చున్న కొడుకు సంగతి కనిపెట్టి, నవ్వుకుంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడట. ఆ గొట్టం మీద ఒకటి అని రాశారు. ఆనాటి నుంచి ఆ గొప్ప తండ్రిది, రక్తం కొడుకుది.

ఇంతకాలం ఆమె పోగేసుకున్న కళ్ళజోళ్ళూ పంచదార చెంచాలూ అన్నీ ఒక్కసారిగా ఉత్త ముసలితనం అయిపోయాయి. పగపట్టిన కంటికి వయసు కూడా జబ్బులాగే కనబడుతుంది మరి.

"మీ దగ్గర్నుంచే వచ్చుంటుంది" అంది. "మీకూ ఉండి ఉంటుంది."

"నాకు లేదు. ఆ తర్వాత సూది గుచ్చించుకుని మరీ చూసుకున్నాను. అది మీ అత్తయ్య నుంచి వచ్చింది." ఆవిడ గుండెపోటుతో చిన్నవయసులోనే పోయింది. ఈ జబ్బు బయటపడేదాకా బతకలేదు.

ఆమె ఇంకో ప్రశ్న అడగాలి. అడగకుండా ఉంటే బాగుండునని ఉంది, అడక్కుండా ఉండలేకపోయింది. "మా అన్నకి మందు ఇవ్వకముందే తెలుసా?"

"తెలుసు."

ఆయన తల దించలేదు. మీ అన్న రక్తంలో అది కనబడిన రోజే వాడి రక్తంలోనూ కనబడింది అన్నాడు. వాడికి అప్పుడింకా మీసాలు సరిగా రాలేదు. వంశం జబ్బని రాస్తే అందరూ ఆ మార్పు వెంట పడతారు, రేపో మాపో ఒకటో నంబరు దగ్గరికి వస్తారు. అందుకని వాపు అని రాశాను. మీ అమ్మ నోరు మూయించింది కూడా అందుకే. ఆవిడ చెప్పింది అబద్ధమనుకుని కాదు అన్నాడు.

"మరి మందెందుకిచ్చారు?"

"పనిచేస్తుందనుకున్నాను. పనిచేస్తే వాడికి వేళకి ఇవ్వొచ్చనుకున్నాను." పళ్ళెం వైపు తల తిప్పి, "మీ అన్న మీద వాడి చూశాను" అన్నాడు.

ఎప్పుడు తీసుకుందో తెలియదు, కత్తి పిడి ఆమె చేతిలో ఉంది. ఇద్దరూ ఆ చేతిని చూశారు. ఆమెకు చంపాలనిపించింది. మాటవరసకు కాదు, నిజంగానే. ఆయన స్టూలు మీంచి కదల్లేదు.

"నా సంగతి నీ ఇష్టం అమ్మాయ్" అన్నాడు. ఈ గోడల మధ్య ఆయన ఎన్నడూ ఆమెను అమ్మాయ్ అనలేదు, అది ఇంట్లో పిలుపు. "రేపు తెర మీద వెయ్యి. ఒకటో నంబరు నాదేనని నేనూ ఒప్పుకుంటాను. గాడిదనంటాను, పిచ్చివాణ్ణి కాబోతున్నానంటాను, నువ్వేమనమంటే అదంటాను. నీ పగ నీకు దక్కుతుంది. వాడికి మాత్రం చెప్పొద్దు. ఇంకా కొన్నేళ్ళుంది, ఆ కొన్నేళ్ళూ వాణ్ణి నవ్వనీ."

ముసలివాడు చూపించింది మామూలు ఆశ కాదు. ఆమె కోరినదంతా పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. ఊరంతా వేలెత్తి చూపిస్తుంది, బిరుదులు ఊడతాయి, అమ్మ మాట నిలబడుతుంది. దానికి ధర, ఆయన మోసిన అబద్ధంలో సగం ఇకనుంచి తను మోయడం. రాత్రీ పగలూ మొగుడి పక్కనే కూర్చుని, అతను నవ్విన ప్రతిసారీ ఆ నవ్వు ఎలాంటిదో లోలోపల తూచుకుంటూ, పైకి ఏమీ తెలియనట్టుండటం. ఇన్నేళ్ళూ ఈయన బతికింది అలాగేనని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిసినందుకు జాలి కలగలేదు. అసహ్యం ఇంకా పెరిగింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. కోత ఉన్న రోజుల్లో పెద్దాయన కళ్ళు మంటలెక్కి కారు నడపలేడు. కొడుకే వచ్చి ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్తాడు. ఆమె కత్తి కింద పెట్టింది. పెద్దాయన ఆమె వంక చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, ఆమె ఎన్నడూ చూడని బతిమాలింపు ఉంది.

పళ్ళ డాక్టరు తలుపు తోసుకుని వచ్చి, వాసనకు ముక్కు మూసుకున్నాడు. మీ ఇద్దరి మొహాలు చూస్తే మత్తు ఇవ్వకుండా పన్ను పీకినట్టుంది, ఎవరు ఎవరికి పీకారు అన్నాడు. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి పలక వైపు వంగాడు. వరసగా సర్ది ఉన్న ముక్కల్ని చూశాడు.

"పాపం, ఎవరిదిది?"

"నంబరేరా, పేర్లుండవు" అన్నాడు పెద్దాయన త్వరత్వరగా. "పదండి, పొద్దుపోయింది."

భుజం మీది చెయ్యి వెచ్చగా ఉంది. ఇప్పుడు తల ఊపి, కోటు విప్పి, కారెక్కితే చాలు. రేపు సభలో గెలిచేస్తుంది.

"మా అన్నది" అంది ఆమె.

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు.

"నీకు అన్నెక్కడున్నాడోయ్?" అన్నాడు అతను, ఇంకా నవ్వుతూనే.